లేడీస్ గేటు

"ఓ మేడం! ఆ గేటు మీద ఎర్ర రంగేంది?"

నిచ్చెన మీద నుంచి వచ్చిన కేకకి జ్యోత్స్న చేతిలో బ్రష్ జారి బూటు మీద పడింది. సూర్యాపేట నడిబొడ్డున మణిమంజరి టాకీస్ మూతబడి నెలైంది. దాన్ని కూల్చి మల్టీప్లెక్స్ కట్టే కంపెనీకి ఆమె సైట్ ఇంజనీరు. రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చిపోతుంది.

నిచ్చెన మీదున్న కుర్రాడు పాత సినిమా ఫ్లెక్సీ విప్పుతున్నాడు. పేరు క్రాంతి. ఎదురు సందులో ఫ్లెక్సీల షాపు.

"కూల్చే గోడకి ఎరుపే వేస్తారండీ. మీకే రంగు కావాలి, గులాబీనా?"

"అది మా అమ్మ గేటు. ముప్పై ఏండ్ల సంది గాడనే నిలబడి ఆడోళ్ల టికెట్లు చింపింది. జర మర్యాదగ కొట్టు."

మర్యాదగా రంగు కొట్టడం ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చెప్పరు. జ్యోత్స్నకి నవ్వాగలేదు. క్రాంతికి కోపమాగలేదు. అంతలో వానందుకుంది. పోట్లాడుకుంటున్న ఇద్దరూ పరుగెత్తుకెళ్లి ఆ గేటు చూరు కిందే దూరాల్సి వచ్చింది. ఎవరిని ఎవరి పక్కన నిలబెట్టాలో వానకి బాగా తెలుసు.

"గీ గేటుకు బయట గొళ్లెం లేదు, సూసినవా? ఉన్నది లోపలి గడియే," అన్నాడు క్రాంతి, కోపం కాస్త దిగాక. "ఆట మొదలైనంక అమ్మ లోపట నుంచి బిగిస్తది. ఇగ ఎస్సై వచ్చినా తియ్యది. ఆడోళ్లొస్తెనే తీస్తది."

"కొడుకొస్తే?"

"చెవు పట్టుకొని నేల టికెట్ దిక్కు పంపింది."

ఈసారి ఇద్దరూ నవ్వారు. వాన తగ్గింది కానీ ఇద్దరిలో ఎవరూ ముందు కదల్లేదు.

తర్వాత కొలతల పనికన్నా ఫ్లెక్సీల పనే ఎక్కువైంది జ్యోత్స్నకి. 'హెచ్చరిక' అని ఒకటి, 'దారి మళ్లింపు' అని ఒకటి. ప్రతిదాంట్లో ఒక అక్షరం తప్పుగా కొట్టి మళ్లీ రప్పించుకునేవాడు క్రాంతి. ఆమెకి తెలుసు. తెలిసే వచ్చేది.

చిక్కల్లా క్రాంతి తల్లి దేవమ్మతోనే. కోదాడ పిల్లని చేసుకుంటానని క్రాంతి తల్లికి చెప్పాడు, పేరూ చెప్పాడు. ఆ పిల్ల చేసే పనేంటో మాత్రం మింగేశాడు. ఎందుకంటే, "ఆ హాలు కూలగొట్టేటోళ్ల మొఖం సూడ" అని దేవమ్మ ఒట్టేసుకుంది.

"చెప్పేయ్ క్రాంతీ. నాకు దొంగతనంగా ఉంది," అనేది జ్యోత్స్న.

"కూలినంక చెప్త. అప్పటికి అమ్మ కోపం ఖతమైతది."

కూల్చే శుక్రవారం రానే వచ్చింది. పొద్దున్నుంచీ ముసురు. పోలీసులు రోడ్డుకి అడ్డంగా బారికేడ్లు పెట్టారు. తలుపులన్నీ ముందురోజే రేకులతో మూసేసి, ఆఖరి తనిఖీకి లేడీస్ గేటొక్కటే వదిలారు. జ్యోత్స్న వెళ్లి దాన్ని తోసింది. రాలేదు. భుజం పెట్టి తోసింది. అయినా రాలేదు.

"వానకు చెక్క ఉబ్బింది మేడం. మిషిన్ తగిల్తె అదే ఊడుతది," అన్నాడు సూపర్‌వైజర్ కాశీరాం. వెనక జేసీబీ గుర్రుమంది.

నిన్న సాయంత్రం ఈ గేటు వేలితో తోస్తే తెరుచుకుంది. దీనికి ఉన్నది లోపలి గడియే. జ్యోత్స్న గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఆపండి! లోపల మనిషుంది!"

అరుస్తూనే వెళ్లి మిషిన్‌కి అడ్డంగా నిలబడింది. అక్కణ్నుంచే క్రాంతికి ఫోన్ చేసింది.

"మీ అమ్మ ఎక్కడుంది?"

"పెన్‌పహాడ్‌ల. పొద్దుగాల్నే చిన్నమ్మ ఇంటికి పోయింది."

"వెళ్లిందో లేదో కనుక్కో. తొందరగా!"

కాసేపటికి క్రాంతి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. "గాడికి పోలేదంట!" అంటూ గేటు బాదాడు. "అమ్మా! తియ్యే!"

లోపల్నుంచి గొంతు వినిపించింది. "మగోళ్లకు గిటు లేదు. అటు దిక్కు పో."

మిషిన్ డ్రైవర్ కిసుక్కున నవ్వాడు. క్రాంతి కళ్లల్లో నీళ్లు. కాశీరాం గడియారం చూసుకున్నాడు. "తొమ్మిదికి పోలీసులు రోడ్డు ఇడుస్తరు. పని ఆగితె కంపెనీకి మీరే జవాబు చెప్పుకోండ్రి. మీ కొలువు, మీ ఇష్టం."

జ్యోత్స్న గేటు దగ్గరికెళ్లింది.

"ఎవలు?"

"ఆడపిల్లనేనండీ. కోదాడ జ్యోత్స్నని."

"మా క్రాంతిగాడు చెప్పిన పిల్లవా?"

"అవునండీ."

గడియ కిర్రుమంది. సగం జరిగింది. ఏమీ చెప్పొద్దని క్రాంతి చేతులు జోడించి సైగ చేస్తున్నాడు. నోరు మూసుకుంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. కానీ ఎన్నాళ్లు మూసుకుంటుంది?

"ఒక్క మాట విని తీయండి. ఈ హాలు కూల్చే ఇంజనీర్ని నేనే."

గడియ ఆగిపోయింది. క్రాంతి నెత్తి పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఇక అయిపోయిందనుకుంది జ్యోత్స్న. కొలువూ పోయింది, ఇష్టమూ పోయింది.

గడియ మిగతా సగం జరిగింది.

"గీ గేటు కాడ అబద్ధం ఆడనోళ్లను శానా తక్కువ సూసిన," అంది దేవమ్మ. "పదేండ్ల పోరన్ని సంకనెత్తుకొని మూడేండ్లంటరు. రా లోపటికి."

లోపల అగరొత్తుల వాసన. దేవమ్మ తన ముక్కాలి పీట మీద కూర్చుంది. "కూలగొట్టద్దని రాలె బిడ్డా. ఆఖరి ఆట నాడు నాకు జరం. నన్నడగకుండనే మూసిండ్రు. మూసే పని నాది గదా? అందుకే వచ్చి గడియేసిన. మల్ల తీసి పోదామంటె కాళ్లు రాలె."

జ్యోత్స్న ఆమె పక్కనే నేల మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఏడుపు జ్యోత్స్నకే ముందొచ్చింది.

"కొత్తదాంట్ల లేడీస్ గేటుంటదా?"

"ఉండదండీ. అందరికీ ఒకటే దారి."

"ఆడివిల్లల్ని తోసేటోళ్లను ఎవలు సూస్తరు?"

"కెమెరాలుంటాయి."

"కెమెరా చెంపకొడ్తదా?"

ఏడుస్తూనే నవ్వేసింది జ్యోత్స్న. "మీరైతే సినిమాలన్నీ చూసుంటారు."

"ఏడ? అందరొచ్చేదాక గేటు కాన్నే. ఒక్క సినిమా సుత మొదటి నుంచి సూడలె." దేవమ్మ పీట చేత్తో పట్టుకుని లేచింది. "పా. నీ పని నువ్వు చేస్కో. నాది అయిపోయింది."

తొమ్మిది లోపలే గోడ కూలింది. పని ఆపినందుకు జ్యోత్స్నకి మెమో వచ్చింది, తీసుకుంది. దేవమ్మ మాత్రం పెళ్లి గురించి ఔననలేదు, కాదనలేదు. ఏడాదిన్నర పాటు ఆ ఇంట్లో ఆ మాటెత్తాలంటే క్రాంతికి నోరు పెగల్లేదు.

మల్టీప్లెక్స్ తెరిచిన రోజు జ్యోత్స్న మూడు సీట్లు తీసుకుంది. మధ్య సీట్లో దేవమ్మ, ఆమెకి చెరోపక్క వీళ్లిద్దరూ. లైట్లు ఆరుతున్నాయి. అలవాటు కొద్దీ దేవమ్మ చూపు ఇంకా తలుపు వైపే ఉంది.

ఉన్నట్టుండి ఆమె లేచింది. వెళ్లిపోతుందేమోనని జ్యోత్స్న కూడా సగం లేచింది.

"క్రాంతీ, నా సీట్ల కూసో."

"నేనా? ఆడోళ్ల పక్కనా?"

"గీడ లేడీస్ గేటు లేదన్నది గదరా నా కోడలు." కొడుకుని మధ్యలోకి నెట్టి, వాడి సీట్లో సర్దుకుని కూర్చుంది. "ఇగ మాట్లాడకుండ్రి. మొదటి నుంచి సూడనియ్యుండ్రి."