నలభై ఒకటో లైను

పదిన్నర జాబితా వచ్చింది. సువార్త కళ్లద్దాలు సర్దుకుని చదివింది. తడివేడి, అంటే గాలిలో తేమ కలిపి లెక్కేసిన వేడి, ముప్పై మూడు పాయింట్ ఆరు. కోత పెట్టాల్సిన లైను నలభై ఒకటి. వ్యవధి రెండు గంటలు. నష్ట అంచనా సున్నా. కింద పసుపు గడిలో ఆమె పేరు వెలిగి ఆరుతోంది. బొటనవేలు ఆనించింది. గడి ఆకుపచ్చగా మారింది. పట్టణానికి తూర్పున, ఆమె ఎన్నడూ వెళ్లని చోట, పన్నెండు వందల రేకుల ఇళ్లలో ఫ్యాన్లు ఆగిపోయాయి.

కొత్తరేవు భార నియంత్రణ కేంద్రంలో సమ్మతిదారు ఉద్యోగమంటే అదే. వేసవిలో ఉన్న కరెంటు అందరికీ చాలదు. ఎక్కడ తీస్తే తక్కువమంది పోతారో తూకం అనే యంత్రం లెక్క వేసి, రెండు గంటలకోసారి ఒక లైను పేరు పంపిస్తుంది. మనిషి ప్రాణం మీద యంత్రం ఒంటరిగా నిర్ణయం తీసుకోకూడదని చట్టంలో ఉంది కాబట్టి ఒక మనిషి వేలు కావాలి. కాదనే హక్కు కూడా ఆ మనిషికి ఉంది. కాదంటే కారణం రాయాలి. పదకొండేళ్లలో సువార్త ఆ గడి ఒక్కసారీ తెరవలేదు. తూకానికి తెలియనిది తనకేం తెలుసని రాస్తుంది?

అంచనా రెండో మూడో ఉన్న రోజుల్లో ఆమెకు అన్నం సయించేది కాదు. సున్నా వచ్చిన రోజు కుదురుగా తినేది. ఈ ఏడాది సున్నాలు ఎక్కువగా వస్తున్నాయి. అన్నీ నలభై ఒకటో లైనువే. ఆ రేకుల కాలనీ జనం గట్టివాళ్లని, సముద్రం ఊళ్లు మింగేశాక ఎండకు రాటుదేలిపోయారని పై అధికారి అంకబాబు అంటుంటాడు. ఆమె కూడా అలాగే అనుకుంది.

పదకొండున్నరకు ఒక ముసలాయన కేంద్రం మెట్ల మీద కూలబడ్డాడు. కాపలావాళ్లు లోపలికి తెచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టారు. తల మీద తడిగుడ్డ ఎప్పుడో ఆరిపోయి అట్టకట్టింది. రేకుల కాలనీ నుంచి ఆరు కిలోమీటర్లు నడిచి వచ్చాడట. ఫోను చేస్తే అవతల యంత్రం ఆయన చెప్పిన చిరునామా లేదని పెట్టేస్తోందట. పేరు నాంచారయ్య. ఒకప్పుడు చేపల వేటకు వెళ్లేవాడు. ఇప్పుడు కాలనీ శ్మశానంలో గుంటలు తవ్వుతున్నాడు.

సువార్త నీళ్లు తెచ్చిచ్చి ఏం కావాలని అడిగింది. కరెంటు తీయవద్దని అడగడానికి వచ్చుంటాడని ఆమె ఊహించింది.

"తియ్యొద్దని అడగటంలా అమ్మా," అన్నాడాయన. "ఎప్పుడు తీస్తారో ముందు రోజు చెప్పండి చాలు. పొద్దున్నే చల్లటి పూట గుంటలు తవ్వి పెట్టుకుంటా. ఎండలో తవ్వలేకపోతన్నా."

కోత సంగతి ముందుగా ఎవరికీ చెప్పకూడదన్నది నియమం. చెబితే జనమంతా కరెంటు ఉన్న వీధులకు పరుగెడతారు, ఆ లైను కూడా కూలిపోతుంది. సువార్త అదే చెప్పింది. చెబుతూనే ఆయన మాటలోని బహువచనం దగ్గర ఆగిపోయింది. ఎన్ని గుంటలని అడిగింది.

"ఈ వారం పదకొండు."

ఆమె తన కుర్చీలోకి వెళ్లి మరణాల పట్టిక తెరిచింది. నలభై ఒకటో లైను కింద ఈ వారం ఎవరూ లేరు. ఈ నెలా లేరు. వెనక్కి జరుపుకుంటూ పోయింది. మూడేళ్లుగా ఆ కాలనీలో ఒక్కరు కూడా చనిపోలేదు.

నాంచారయ్య దానికేమీ ఆశ్చర్యపోలేదు. చావు రాయించాలంటే చిరునామా కావాలి. కాలనీకి చిరునామా ఇవ్వలేదు, తాత్కాలికం అన్నారు. పాత ఊరి పేరు చెబితే ఆ ఊరు నీళ్ల కింద ఉంది కాబట్టి యంత్రం తీసుకోదు. మొదట్లో రెండుమూడుసార్లు తిరిగి, తర్వాత జనం రాయించడం మానేశారు.

సువార్త మళ్లీ పట్టిక కేసి చూసింది. తూకం అబద్ధం చెప్పలేదు. దానికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఎక్కడ చావులు కనబడవో అక్కడ కోత పెట్టింది. అక్కడ మళ్లీ చచ్చారు, మళ్లీ కనబడలేదు. ఆ సున్నాలు చూసుకుంటూ ఆమె ఇన్నాళ్లూ అన్నం తింది.

పన్నెండున్నర జాబితా వచ్చింది. తడివేడి ముప్పై నాలుగు పాయింట్ ఒకటి. లైను మళ్లీ నలభై ఒకటి. నష్ట అంచనా సున్నా.

ఆమె కాదని నొక్కింది. కారణం గడి తెరుచుకుంది. ఈ వారం పోయినవాళ్ల పేర్లు, వయసులు చెప్పమని నాంచారయ్యను అడిగింది. ఆయన కళ్లు మూసుకుని ఒక్కొక్కరినీ చెప్పాడు, ఏ రోజు, ఏ పూట అన్నది కూడా. ఆమె టైపు చేసింది. తన గదిలోంచి అంకబాబు పరుగున వచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్ల నౌకరీలో ఆ గడి తెరిచి ఉండగా చూడటం అతనికిదే మొదలు. వీళ్లంతా నిజంగా పోయారని ఎవరు చెప్పారని నిలదీశాడు.

"నేనే పూడ్చానయ్యా," అన్నాడు నాంచారయ్య.

సువార్త పంపించింది. తూకం నిమిషం కూడా తీసుకోలేదు. నలభై ఒకటో లైను అంచనా సున్నా నుంచి ఎనిమిదికి ఎగబాకింది. దాని స్థానంలో కొత్త పేరు వచ్చింది. లైను పదిహేడు. నష్ట అంచనా ఒకటి.

పదిహేడు ఆమె ఉండే వీధి. ఇంట్లో కూతురు కెజియా ఎనిమిదో నెల కడుపుతో ఉంది. నిన్న రాత్రి నుంచి కాళ్లు వాచాయని పొద్దున బయల్దేరేటప్పుడు చెప్పింది.

అంకబాబు కూడా ఆ అంకె చూశాడు. అతనికి కెజియా తెలుసు. గొంతు తగ్గించి అన్నాడు.

"రాసింది తీసెయ్ సువార్తమ్మా. నువ్వు వేలెట్టేదాకా ఖాయం కాదు. మళ్లీ ఎప్పట్లాగే అవుద్ది. ఎవరూ అడగరు."

ఆమె తెర మీది అంకెను చూసింది. ఒకటి అంటే ఎవరు? ఆ వీధిలో నాలుగు వందల మంది ఉంటారు. ఆ ఒకటి తన ఇంట్లోదే కావాలని లేదు. కాకూడదనీ లేదు. అటువైపు ఎనిమిది. వాళ్ల ముఖాలు ఆమెకు తెలియవు. ఇన్నాళ్లూ తెలియని ముఖాల మీద వేలు పెట్టడం సులువైంది కాబట్టే పెట్టింది. నాంచారయ్య ఆమెను చూడటం లేదు. చదవడం రాని మనిషి, తెర మీద ఏముందో ఆయనకు తెలియదు.

సువార్త బొటనవేలు ఆనించింది.

రెండు నిమిషాలకే కెజియా ఫోను చేసింది. కరెంటు పోయిందని, మనకేనా అందరికీనా అని అడిగింది.

"నేనే తీశానమ్మా," అంది సువార్త. "బక్కెట్లో నీళ్లు పట్టుకుని బాత్రూం నేల మీద కూర్చో. తల తడుపుకుంటా ఉండు."

అవతల బక్కెట్ లాగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఎంతసేపని కెజియా అడిగింది. రెండు గంటలని ఆమె చెప్పింది. కెజియా ఫోను పెట్టేసింది.

ఆ రెండు గంటలు సువార్త కుర్చీలోంచి లేవలేదు. సమ్మతిదారు పనివేళల్లో కేంద్రం దాటకూడదు. అంకబాబు రెండుసార్లు టీ పంపించాడు. రెండూ అలాగే చల్లారిపోయాయి. వెళ్లమంటే నాంచారయ్య ఎండ తగ్గాక వెళ్తానన్నాడు.

మధ్యాహ్నం రెండు ఇరవై ఎనిమిదికి ఫోను మోగింది. కెజియా గొంతు నీరసంగా ఉంది. తను బాగానే ఉందట, బిడ్డ కదులుతోందట. "ఎదురింటి సాల్మన్ తాతయ్య లేవట్లేదమ్మా," అంది. "అందరం పిలిచాం. లేవట్లేదు."

సాల్మన్ ఆ వీధిలో పిల్లలందరికీ అక్షరాలు దిద్దించినవాడు. కెజియాకు కూడా. ఆ ఒకటి ఆయనన్నమాట. సువార్త పట్టికలో ఆయన పేరు రాసింది. ఆయనకు చిరునామా ఉంది. యంత్రం వెంటనే తీసుకుంది.

రెండున్నర అయింది. పదిహేడో లైనుకు కరెంటు వచ్చింది. కొత్త జాబితా మాత్రం రాలేదు. గోడ మీది పెద్ద తెరలో తీరం పొడవునా ఉన్న ఇరవై రెండు కేంద్రాలూ కనబడుతున్నాయి. అన్నిటి మీదా ఒకటే మాట: జాబితా సిద్ధం కాలేదు. మధ్యాహ్నం ఆమె రాసిన పదకొండు పేర్లను పట్టుకుని తూకం తన పాత లెక్కలన్నీ వెనక్కి తిరగేసుకుంటోంది. ప్రతి కేంద్రంలోనూ సున్నాల లైను ఒకటి ఉంది. ఆ సున్నాల్లో దేన్నీ అది ఇప్పుడు నమ్మడం లేదు.

జాబితా లేకపోతే కోత ఆగి, భారం మించి, గంటలోపు తీరమంతటికీ ఒకేసారి కరెంటు పోతుందని అంకబాబు అన్నాడు. 

సువార్త ముందున్న తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. పదకొండేళ్లలో తూకం ఆమెను ఏదైనా అడగడం అదే మొదటిసారి. నమోదు కాని మృతులు ఇంకా ఉన్నారా? కింద పేరు గడి ఉంది, చిరునామా గడి లేదు.

ఆమె కుర్చీ నాంచారయ్య వైపు తిప్పింది. అందరినీ చెప్పమంది. ఎక్కడి నుంచి చెప్పమంటావని ఆయన అడిగాడు.

"మొదటి గుంట నుంచి."

ఆయన తల మీది గుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "దానికి పేరు పెట్టలా అమ్మా," అన్నాడు. "తొమ్మిది రోజుల పిల్ల."

పేరు గడి ఖాళీగా ఉంటే యంత్రం తీసుకోదు. తొమ్మిది రోజుల ఆడపిల్ల అని సువార్త అందులో రాసింది. తర్వాత ఎవరని అడిగింది.