వాగు దాటని కరెంటు

పొద్దున్నే రూతమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కాలుస్తోంది. కొడుకు సీమోను ముందురోజే మార్కాపురం నుంచి బస్సు దిగాడు. ఆ వేళ వాగు అవతల ఊళ్లో కరెంటు ప్రారంభం, పెద్దలంతా వస్తారు. వాగుకు ఇవతల, ఊరు ఎడంగా పెట్టిన పల్లెలో పుట్టి కరెంటాఫీసులో ఇంజనీరైన మొదటివాడు సీమోనే. ఆ మాట రోజుకోసారైనా ఎవరికో ఒకరికి చెప్పుకోనిదే రూతమ్మకు ముద్ద దిగదు.

"మన పక్క స్తంభాలు ఎప్పుడు నాటతారు నాయనా? విశ్వాసం మామ నిన్న కూడా అడిగినాడు," అంది.

సీమోను రొట్టె తుంచుతూ, ఎండలు ముదిరాయని ఏదో అన్నాడు. తల్లి వదల్లేదు. ఎందుకు వదులుతుంది? తెలుగువాళ్లకు రాష్ట్రం వచ్చిన ఏడేళ్లకు ఈ మూలకు చేరిన ఆ తీగ కోసం, గడ్డపార దిగని రాతినేలలో గుంతలు తవ్వింది పల్లెవాళ్లే. కోతల కాలంలో మనుషులు దొరక్క పని ఆగిపోతే రూతమ్మే ఇంటింటికీ తిరిగింది. ఇది నా కొడుకు వేసే లైను, రేపు మన ఇళ్లలోనూ వెలుగుతుందని చెప్పి, కోతలు మాన్పించి మరీ పంపింది. సీమోనుకు ఆ సంగతి తెలుసు. లైను వాగు అవతలే, ఊరి చివర పిండిమర దగ్గర ఆగిపోతుందనీ తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. తన పని సాగిపోతోంది కదా.

"మనకు రాదమ్మా," అన్నాడు చివరికి. "ప్లానులో మన పల్లె లేదు."

పెనం మీద రొట్టె మాడుతున్నా రూతమ్మ తిప్పలేదు.

"పైవాళ్లు కాదన్నారా?"

సీమోను తుంచిన రొట్టె ముక్కను కంచంలో పెట్టేశాడు.

"నువ్వు అడిగినావా?"

అడగలేదు. అడిగితే, కుర్చీ దొరికిందో లేదో సొంతవాళ్లకు తీగ లాక్కుంటున్నాడని ఆఫీసులో నవ్వుతారని భయం. అక్కడ తనొక్కడే పల్లెవాడు. ఆ మాటే నసుగుతూ చెప్పాడు.

"వాళ్లు నవ్వుతారని నీకు సిగ్గయింది. ఈళ్ల చేతులు బొబ్బలెక్కతా ఉంటే మాత్రం కాలేదు," అంది రూతమ్మ. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే అతను ఓర్చుకునేవాడు.

తప్పు ఆఫీసర్ల మీద పెట్టి పల్లెవాళ్లకు చెప్పమని బతిమాలాడు.

"ఆఫీసర్లు నాకేం తెలుసు? నీ పేరు చెప్పి తవ్విచ్చినా. నువ్వే వచ్చి చెప్పు."

కొడుకు మొహం కూడా చూడకుండా ముందు నడిచింది. సీమోను వెనక నడిచాడు. మొదటి ఇల్లు విశ్వాసానిది. తండ్రి లేని సీమోనును భుజాన ఎక్కించుకుని బడికి తీసుకుపోయిన మనిషి, ఇన్నేళ్లలో 'అల్లుడా' అని తప్ప పిలవని మనిషి.

సీమోను ఉన్నదంతా చెప్పాడు. అడగలేదన్నదీ దాచలేదు. విశ్వాసం కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత లేచి, తలగుడ్డ తీసి చంకన పెట్టుకున్నాడు. మంచం మీద దుప్పటి పరిచి, తను పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.

"కూసోండి సారూ," అన్నాడు.

సీమోను నిలబడ్డచోటే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మామా, నేను సీమోనును," అన్నాడు. విశ్వాసం తలగుడ్డ మళ్లీ చుట్టుకోలేదు, కూర్చోనూ లేదు.

రూతమ్మ దగ్గరికొచ్చింది. తనూ ఏడుస్తూనే కొంగుతో కొడుకు కళ్లు తుడిచి, చెయ్యి పట్టుకుంది.

"పద నాయనా," అంది. "ఇంకా శానా ఇండ్లు ఉండాయి."