గడియకు అంటుకోని గుండుసూది

శవం తలుపు దగ్గరే ఉంది.

మోటార్లకు వైండింగ్ చేసే మేస్త్రి. అరవై దాటిన ఒంటరి మనిషి. నుదుటి మీద దెబ్బ. చెయ్యి గడప వైపు చాచి ఉంది. ఉక్కు గడియ లోపలినుంచి వేసే ఉంది. మధ్యాహ్నం తలుపు పగలగొట్టింది ఆయన షాపు పార్ట్‌నర్. అందరూ ఆయన్ని వస్తాదు అంటారు.

గదిలో ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు. ఇన్‌స్పెక్టర్ వాటిని అవసరానికి మించి చూశాడు. తన ఇంట్లోనూ లెక్క అంతే.

"సార్, తలుపు బయట చూడండి" అన్నాడు కానిస్టేబుల్.

గడియకు సరిగ్గా ఎదురుగా, రంగు మీద గుండ్రటి గీతలు. కొత్తవి.

"ఎలక్ట్రోమేగ్నెట్ సార్! తల పగలగొట్టాడు. బయటికొచ్చాడు. అయస్కాంతంతో గడియ జరిపేశాడు. ఆ విద్య తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకాయన పోయాడు."

వస్తాదు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నా అన్నలాంటోడు సార్. నేనెందుకు చంపుతాను?"

"మీ షాపులో అలాంటి మేగ్నెట్ ఉందా?"

"రెండు చేశాడు సార్. మొదటిదానికి రాగి తీగ, స్కూటర్ బ్యాటరీ. షాపు తలుపు గడియని భలే లాగింది. కానీ బరువని పక్కన పడేశాడు. రెండోదానికి అల్యూమినియం తీగ చుట్టి, డ్రిల్లింగ్ మెషీన్ లిథియం బ్యాటరీ పెట్టాడు. అంతా కలిపి కిలో లేదు. ఎవరి కోసం అన్నా అని అడిగితే, నీకెందుకురా అన్నాడు."

"అదెక్కడుంది?"

"తెలీదు సార్."

ఇన్‌స్పెక్టర్ ఫైలులోంచి గుండుసూది తీసి గడియకు ఆనించి వదిలాడు. సూది కింద పడింది. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ పడింది.

"ఉక్కు గడియని కరెంటున్న మేగ్నెట్‌తో లాగితే, ఆ అయస్కాంత గుణం కాస్తయినా గడియకు పట్టి, సూదిని అంటించుకుంటుంది. దీనికి చిటికెడు కూడా పట్టలేదు. గడియ వేసుకున్నది మేస్త్రే. పడింది కూడా తనంతట తానే."

అంతలో, శవాన్ని చూసి వెళ్ళిన డాక్టర్ ఫోన్ చేశాడు. గుండెపోటు. పడ్డప్పుడు తగిలిన దెబ్బ. ఉదయం ఎనిమిది దాకా ప్రాణం ఉండి ఉంటుంది.

వస్తాదు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కానిస్టేబుల్ తల గోక్కున్నాడు. "మరి ఆ గీతలు?"

"మేగ్నెట్ తెచ్చారు. అది పనిచెయ్యలేదు. వస్తాదు కోసమైతే బరువు తగ్గించక్కర్లేదు. స్కూటర్ బ్యాటరీ మోయలేని చేతి కోసం చేశాడు."

ఆయన గది మూలకు తిరిగాడు. అక్కడ మేస్త్రి చెల్లెలు నిలబడి ఉంది. ఎదురిల్లే. విరిగి సరిగా అతకని కుడి మణికట్టును కొంగులో దాచుకుంది. అన్నాచెల్లెళ్ళకు ఏళ్ళ తరబడి మాటల్లేవని వీధంతా ఎరుగును.

"ఎప్పుడొచ్చారమ్మా?"

"పొద్దున ఆరున్నరకి. గడియ వెయ్యందే ఆయనకి నిద్ర పట్టదు. పోయిన నెల వచ్చి, మేగ్నెట్ చేతిలో పెట్టి, మా గుమ్మంలో నిలబడే చెప్పాడు. 'పొద్దున్నే వరండా లైటు వేస్తాను. వెయ్యకపోతే దీంతో గడియ లాగు. వారానికోసారి ఛార్జింగ్ పెట్టు.' కూర్చోమని కూడా అన్లేదు నేను. పంతం. ఒక్కసారీ ఛార్జింగ్ పెట్టలేదు."

"ఇవాళ లైటు వెలగలేదు."

"పరిగెత్తుకొచ్చాను. ఆనించాను. దాంట్లో ఉలుకూ పలుకూ లేదు. 'అన్నయ్యా' అని ఒక్కసారి పిలిచాను. పలకలేదు. నాలాగే బెట్టు చేస్తున్నాడనుకున్నాను. నలుగుర్నీ కేకేస్తే, లైటు మర్చిపోయానని తలుపు తీసి నవ్వుతాడనుకున్నాను. వెళ్ళిపోయాను." ఆమె తలెత్తింది. "అప్పుడే తలుపు తీసుంటే బతికేవాడా బాబూ?"

డాక్టర్ చెప్పిన మాట ఇన్‌స్పెక్టర్ చెవిలోనే ఉంది.

"తెలీదమ్మా" అన్నాడు. ఆ అబద్ధానికి ఆయన సిగ్గుపడలేదు.

ఆమె కొంగు చాటునుంచి మేగ్నెట్ తీసింది. బ్యాటరీ మీద పచ్చలైటు వెలుగుతోంది.

"ఇంటికెళ్ళగానే ఛార్జింగ్ పెట్టాను. నిండాక మళ్ళీ వద్దామనుకున్నాను. కాళ్ళు రాలేదు."

వంకర చేత్తోనే దాన్ని విరిగిన తలుపుకు ఆనించి స్విచ్ నొక్కింది. అవతలివైపు గడియ కదిలింది. ఆమె చెయ్యి జరిపిన కొద్దీ జరిగి, చివరిదాకా తెరుచుకుంది.