నా అన్నవాళ్లు

జంషెడ్‌పూర్‌లో నైట్ షిఫ్టు దిగి, కునుకైనా తీయకుండా మానగో పేటకి వచ్చి, ఆదిబాబు టేపు పట్టుకుని ముందు గది కొలుస్తున్నాడు. కళ్లు మండుతున్నాయి. టేపు రెండో కొస పట్టుకున్న వాళ్లమ్మ సూరమ్మ, బీరువా ఏ గోడకు పెట్టాలో అప్పుడే తేల్చేసింది.

"కిస్కా ఘర్ నాప్ రహే హైఁ ఆప్?"

గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో గొడుగు, చంకలో బడిపిల్లల కాపీ పుస్తకాల కట్ట, ముఖం నిండా చెమట. ఎవరి ఇల్లు కొలుస్తున్నారని అడిగిన తీరులోనే, జవాబు తనకు తెలుసన్న ధీమా ఉంది.

"హమారా ఘర్," అన్నాడు ఆదిబాబు ఛాతీ విరుచుకుని.

"ఏటంతంది రా ఆ పిల్ల?" అంది సూరమ్మ.

తెలుగు చెవిన పడగానే ఆ అమ్మాయి పుస్తకాల కట్ట కింద పెట్టింది. "తెలుగోళ్లా? అయితే తెలుగులోనే తిడతాను. ఇది మా ఇల్లు. నేను బడికెల్లి వచ్చేలోపు తాళం ఎవరు తీసేరు?"

"వెంకట్రావు గారు తాళమిచ్చేరండి. వాళ్ల పెద్దమ్మ వరహాలమ్మ గారు ఈ ఇల్లు ఆయనకి వీలునామా రాసేరు. ఆయన దగ్గర మేం కొంటన్నాం. బయానా కూడా ఇచ్చేసేం."

"ఆ వరహాలమ్మ మా అమ్మమ్మ. మా వెంకట్రావు మావయ్య ప్రొబేటు తెచ్చుకున్నాడా?"

"అదేటి?"

"వీలునామా నిజమైందేనని కోర్టు ఇచ్చే కాయితం."

"వీలునామా ఉంటే చాలదా? మా తాత పొలం మాకలాగే వచ్చింది. కోర్టుకెవడెల్లేడు?"

"ఏ ఊరు మీది?"

"టెక్కలి దగ్గర."

"టెక్కలిలో రైలెక్కినప్పుడు అక్కడి పద్ధతి కూడా మూట కట్టుకొచ్చేరా? ఇది బీహారు. ఇల్లు ఇక్కడుంది కాబట్టి ఇక్కడి రూలే."

జంషెడ్‌పూర్ అప్పటికింకా బీహారులోనే ఉంది. ఇందులో ఆదిబాబు ఒక్కడినే తప్పు పట్టి లాభం లేదు. జంషెడ్‌పూర్‌లో మనవాళ్లు ముప్పై ఏళ్లు ఉక్కు కరిగించినా, హిందీలో బేరాలాడినా, కలలో కూడా హిందీలోనే పోట్లాడినా, ఆస్తి మాట వచ్చేసరికి మాత్రం ఊళ్లో పెద్దలు చేసిందే చట్టమనుకుంటారు. ఊళ్లో అయితే వీలునామా చూపిస్తే పని జరిగిపోతుంది. ఇక్కడ ముందు కోర్టు ఒప్పుకోవాలి. ఆ ముక్క అమ్మే వెంకట్రావుకూ తెలియదు, కొనే ఆదిబాబుకూ తెలియదు.

అలాగని ఊరుకోవడానికీ లేదు. ఇంకో మూడునాలుగేళ్లలో తండ్రి పోలరాజు రిటైరవుతాడు. రిటైరయితే కద్మాలో కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. ఆదిబాబుకు కంట్రాక్టు పనే కాబట్టి క్వార్టరు రాదు. ఈ ఇల్లు పోతే ముగ్గురూ సామాన్లతో రోడ్డు మీద ఉంటారు.

టేపు చుట్టుకుని తల్లీకొడుకులు మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి వెనక నుంచి పిలిచింది.

"పిన్నీ! ఎప్పుడైనా ఎక్కడైనా ఇల్లు కొంటే, ఇలా ఉత్తరం గోడకి మాత్రం బీరువా పెట్టకండి. వానొస్తే చెమ్మ దిగుద్ది."

"మాటకారిదే గాని మంచి పిల్లరా," అంది సూరమ్మ సందు మలుపు తిరిగాక. ఆదిబాబుకు ఆవలింత వచ్చింది, కోపం రాలేదు.

*

అమ్మాయి పేరు పద్మకుమారి. కాసిడీహ్‌లో ఒక చిన్న బడిలో టీచరు. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మమ్మే పెంచింది. వెంకట్రావు ప్రొబేటుకు దరఖాస్తు పెట్టాడు, ఆమె అభ్యంతరం పెట్టింది, వ్యాజ్యం అప్పటి జిల్లా కేంద్రమైన చాయిబాసాలో జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లింది. అక్కణ్నుంచి తారీఖులు మొదలయ్యాయి.

బయానా ఇచ్చినవాడు ఊరికే కూర్చోలేడు కదా. ప్రతి తారీఖుకూ ఆదిబాబు చాయిబాసా బస్సెక్కేవాడు. అదే బస్సులో పద్మకుమారి, పక్కన ఆమె ప్లీడరు నారాయణమూర్తి. బస్సు కదలగానే నిద్రపోయి, దిగే చోట కచ్చితంగా లేవడం ఆయన ప్రత్యేకత.

మొదట్లో ఆమె ముందు సీట్లో, అతను వెనక సీట్లో. ఒకరోజు ఆమె పక్కన తప్ప ఎక్కడా ఖాళీ లేదు.

"కూర్చోవచ్చా?"

"బస్సు మీద నేనింకా కేసు వెయ్యలేదు. కూర్చోండి."

కూర్చున్నాడు. నైట్ షిఫ్టు చేసి వచ్చిన ఒళ్లు, కిటికీలోంచి చల్లగాలి. కళ్లు తెరిచేసరికి చాయిబాసా వచ్చేసింది, తల ఆమె భుజం మీద ఉంది.

"క్షమించండి," అని గబుక్కున లేచాడు.

"పర్వాలేదు. ఆక్రమణ కింద ఇంకో కేసు వేద్దామనుకున్నాను గాని, ఉన్నదానికే ఓపిక లేదు."

ఆమె నవ్వింది. నవ్వినప్పుడు కూడా కళ్ల కింద నలుపు అలాగే ఉంది. ఈ అమ్మాయి కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో అనిపించింది అతనికి. ఎదుటి పక్షం గురించి అలా అనుకోవచ్చో లేదో తెలియలేదు.

కోర్టులో మాత్రం ఏదీ కదిలేది కాదు. ఒకసారి వెంకట్రావు ఊరి నుంచి రాలేదు. ఒకసారి అతని సాక్షికి జ్వరం. వచ్చి, చెట్టు కింద కూర్చుని, పిలిస్తే లోపలికి వెళ్లి, ఇంకో తారీఖు రాసుకుని మళ్లీ బస్సెక్కడమే. ఆమె డబ్బాలో ఉప్మా, అతని డబ్బాలో చద్దిరొట్టె. కొన్నాళ్లకు డబ్బాలు మారాయి. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. నారాయణమూర్తి గమనించాడు.

"చూడు బాబూ," అన్నాడు ఒకసారి టీ కొట్టు దగ్గర. "నువ్వు నా క్లయింటువి కాదు, అయినా చెప్తున్నా. ఇల్లు కొనేవాడు గోడలు కొలవడం కాదు. అమ్మేవాడికి ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకెవరి నుంచి వచ్చిందన్నది కాయితాల్లో చూడాలి. పన్ను ఎవరి పేర కడుతున్నారో చూడాలి. ఇంట్లో మనిషి ఉంటే, ఏ హక్కుతో ఉన్నావమ్మా అని ఆ మనిషిని అడగాలి. నువ్వు అడిగేవా?"

"లేదండి. ఆవిడే నన్నడిగింది."

"ఫీజు లేకుండా చెప్పేను గాని, టీ డబ్బులు నువ్వే ఇవ్వు," అని ఆయన బస్సెక్కి నిద్రపోయాడు.

*

ఆషాఢంలో ఒక సాయంత్రం తిరుగు ప్రయాణంలో పెద్ద వాన పట్టుకుంది. దారిలో కల్వర్టు మీంచి నీళ్లు పారుతున్నాయని బస్సు ఆపేశారు. జనమంతా రోడ్డు పక్క రేకుల టీ కొట్టు కిందికి పరిగెత్తారు. ఇద్దరికీ ఒక బల్ల కొస దొరికింది. ఆమె కొంగు పిండుకుంది. అతను చూడనట్టు చూశాడు, ఆమె చూసీ చూడనట్టు ఊరుకుంది.

"ఒకటడుగుతాను, ఏటీ అనుకోకు," అన్నాడు. "ఆ రెండు గదుల కోసం ఇంత తిరుగుడు అవసరమా? నీ జీతంతో ఎక్కడైనా అద్దెకుండొచ్చు."

"నీకూ అదే మాట చెప్పొచ్చు."

"మా అమ్మ కోసం నేను తిరుగుతున్నాను. నువ్వెవరి కోసం?"

ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఆ వీలునామాలో ఒక మాట ఉంది. 'నాకు నా అన్నవాళ్లు వెంకట్రావు తప్ప ఇంకెవరూ లేరు' అని. అమ్మమ్మ జాతరకని ఊరెల్లినప్పుడు రాయించేరు. చదువు రాదు, చూపూ ఆనదు, వేలుముద్ర వేసేసింది. తిరిగొచ్చిన నెలకే పోయింది. పోయే ముందు రోజు కూడా నా చేతి అన్నమే తింది. అలాంటి మనిషి నేను లేనని రాయిస్తాదా? ఇల్లు పోతే పోనీ ఆదిబాబూ. ఆ మాట అమ్మమ్మ అందో లేదో నాకు తెలియాలి. అది తెలియక నిద్ర పట్టడం లేదు."

ఆదిబాబు చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

బయానా ఇచ్చిన రోజు వెంకట్రావు హుషారుగా చెప్పిన కబురు గుర్తొచ్చింది. 'ముసలిది గడుసుది తమ్ముడూ! వేలుముద్ర వేసే ముందు, మా పద్మ పేరు రాసేవా అనడిగింది. రాసేను పెద్దమ్మా, నువ్వు వెయ్యి అన్నాను. చదివితే కదా!' అని పకపకా నవ్వాడు. ఆ పద్మ ఎవరో అప్పుడు ఆదిబాబుకు తెలియదు. బీరువా లోపలికి ఎలా పట్టించాలా అన్నదే అప్పటి ధ్యాస.

ఇప్పుడు చెబితే ఈమెకు నిద్ర పడుతుంది. తనకు ఇల్లు పోతుంది.

"ఏటయ్యింది? ముఖం అలా పెట్టేవు?"

"ఏం లేదు. టీ చల్లారిపోయింది."

మర్నాడు పొద్దున్న క్వార్టరులో అన్నం ముందు కూర్చుని, ముద్ద దిగక, తల్లితో అంతా చెప్పేశాడు. సూరమ్మ గరిటె కింద పెట్టేసింది. పోలరాజు గోడకు చేరబడి వింటున్నాడు.

"ఆ ముసలమ్మ నిజంగా అడిగిందటరా, మనవరాలి పేరు?" అంది సూరమ్మ.

"అడిగిందనే చెప్పేడు."

"మరి నువ్వింకా ఇక్కడ కూకున్నావేటి? ఆ పిల్లకి చెప్పొద్దూ!"

"ఇల్లు పోద్దే అమ్మా."

"మన ఇల్లయితే కదరా పోవడానికి," అన్నాడు పోలరాజు. మూడు షిఫ్టులు వరసగా చేసినవాడి గొంతులా ఉంది అది.

ఆదిబాబు ఆ పూటే నారాయణమూర్తి దగ్గరకు వెళ్లాడు.

*

సాక్షి బోనులో అతను విన్నది విన్నట్టు చెప్పాడు. 'మా పద్మ పేరు రాసేవా' అన్న మాట దగ్గర పద్మకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో, ఊపిరి పీల్చుకుంటోందో అతనికి అక్కణ్నుంచి తెలియలేదు. వెంకట్రావు మాత్రం తల ఎత్తలేదు.

వెంకట్రావు వకీలు లేచాడు. "యే లడ్కీ ఆప్కీ క్యా లగ్తీ హై?" ఈ అమ్మాయి నీకేమవుతుంది?

ఆదిబాబు ఆమెకేసి చూశాడు. "అభీ తక్ కుఛ్ నహీఁ."

ఇప్పటివరకూ ఏమీ కాదన్నాడు. వెనక బల్లల మీద నవ్వులు లేచాయి.

"ఒకే బస్సు, ఒకే సీటు, ఒకే డబ్బా," అన్నాడు వకీలు. "కొనలేని ఇంటిని పెళ్లి చేసుకుని ఊరికే కొట్టేద్దామని ఈ కథ అల్లావు, అవునా?"

అంత అలసటలోనూ ఆదిబాబుకు ఒళ్లు మండింది. "ఆ ఇంటి గడప ఈ జన్మలో తొక్కను. రాసుకోండి!"

రాసుకున్నారు. టైపు మిషను చప్పుడు ఆగాక గాని తను ఏమన్నాడో అతనికి అర్థం కాలేదు. పద్మకుమారి తల దించుకుంది.

కొన్నాళ్లకు తీర్పు వచ్చింది. వీలునామా చెల్లదని. అది లేకపోతే, చనిపోయిన కూతురి బిడ్డగా ఇల్లు పద్మకుమారిదే. ఆ రోజు ఆదిబాబు చాయిబాసా వెళ్లలేదు. తర్వాత మానగో వంతెన కూడా దాటలేదు. ప్రేమించిన మాట నిజమే. రోజూ ఆ భుజం, ఆ మాట గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమనేదీ నిజమే. కానీ ఇప్పుడు వెళ్లి అడిగితే, ఆ వకీలు అన్నదీ నిజమవుతుంది.

*

పోలరాజు రిటైరయ్యాడు. ముగ్గురూ బిర్సానగర్‌లో ఒక అద్దె గదిలోకి మారారు. వానాకాలం మళ్లీ వచ్చింది. పెంకుల్లోంచి కారే చోట సూరమ్మ సత్తు గిన్నె పెట్టింది. బీరువా మాత్రం దక్షిణం గోడకే పెట్టించింది.

ఒక ఆదివారం జోరువానలో తలుపు చప్పుడైంది. ఆదిబాబు తీశాడు. గొడుగు పట్టుకుని, చీర మోకాళ్ల దాకా తడిసిపోయి, పద్మకుమారి.

"బిర్సానగరంతా తిరిగేను," అంది. "మీ ఇల్లు ఎవరికీ తెలియదు. చిరునామా లేకుండా మాయమైపోతారా మనుషులు?"

"నువ్వు... ఇంత వానలో..."

"మూడేళ్లు నీతో బస్సులో తిరిగేను. ఒక్కసారైనా వచ్చి, నిద్ర పడుతోందా పద్మా అని అడగలేకపోయేవా?"

"ఎలా వత్తాను? కోర్టులో అందరి ముందూ అనేసేను కదా, ఆ గడప తొక్కనని."

"తొక్కకు. ఎవరు తొక్కమన్నారు? ఆ ఇల్లు మా బడిలో టీచరమ్మకి అద్దెకిచ్చేసేను."

ఆదిబాబు నోరు తెరిచాడు. "అంత కొట్లాడిన ఇల్లు?"

"ఇంటి కోసం కొట్లాడలేదని నీకు చెప్పేను కదా. అమ్మమ్మ నా పేరు అడిగిందో లేదో తెలుసుకోడానికి కొట్లాడేను. అడిగిందని నువ్వు చెప్పేవు. నీ ఇల్లు పోతాదని తెలిసీ చెప్పేవు." ఆమె ముఖం మీది వాన తుడుచుకుంది. "ఆ రాత్రి తెల్లవార్లూ నిద్రపోయేను ఆదిబాబూ. లేచేక చూస్తే, నాకు నా అన్నవాళ్లు నువ్వు తప్ప ఇంకెవరూ లేరు. నువ్వు నా గడప తొక్కక్కర్లేదు. నేనే నీ గడప తొక్కుతాను. వద్దంటే ఇప్పుడే చెప్పెయ్, ఇంకో కేసు వేసే ఓపిక నాకు లేదు."

"ఇది అద్దె గది పద్మా. కారుతుంది కూడా."

"చూసేను. గిన్నె చాలదు, బకెట్టు పెట్టాలి."

అతనికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గొడుగు అందుకోబోయి, గొడుగు బదులు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వదలలేదు. లోపల మంచం మీద పోలరాజు గట్టిగా దగ్గి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఏటిరా ఇద్దరూ?" అని సూరమ్మ పొయ్యి దగ్గర్నుంచే కేకేసింది. "పిల్ల తడిసిపోతంది, గుమ్మంలో నిలబెట్టి కబుర్లా? లోనకి రా అమ్మా. కుడికాలు ముందెట్టు."

అంతదూరం వానలో నడిచిన కాళ్లు పీకేస్తున్నాయి. పద్మకుమారి చెప్పులు విప్పి, కుడికాలే ముందు పెట్టింది.