ఏడు గాజు పెంకులు, ఒక టోపీ

"టోపీ నేను చెయ్యాలా? ఆ మూగ మొద్దుకా? నా వల్ల కాదు!" అంది గేజా.

"చీటీలో నీ పేరొచ్చింది తల్లీ. ఆ చీటీ తీసింది కూడా నువ్వే," అన్నాడు మల్టె నవ్వుతూ.

జర్మనీలోని గోటింగెన్‌లో ఎవరు డాక్టరేట్ పరీక్ష గట్టెక్కినా, ల్యాబ్‌లో తోటివాళ్ళు ఓ అట్ట టోపీ చేసి నెత్తిన పెట్టాలి. ఆ మనిషి ఇన్నేళ్ళూ వెలగబెట్టిన ఘనకార్యాలన్నీ దాని మీద వేలాడాలి. తర్వాత చెక్క బండిలో కూర్చోబెట్టి ఊరి మధ్య ఫౌంటెన్ దాకా లాక్కెళితే, పైకెక్కి బాతులమ్మాయి కంచు బొమ్మకి పూలిచ్చి ముద్దు పెట్టాలి. ఎంతటి పండితుడికైనా ఈ తిప్పలు తప్పవు.

ఈ శుక్రవారం పరీక్ష ఒన్నోది. సోమవారం నుంచి అతనికి స్విట్జర్లాండ్‌లో, బాజెల్‌లో ఉద్యోగం.

"ఆ మనిషి గురించి ఏం వేలాడదీయను? మూడేళ్ళలో ఒక్క తప్పు చేశాడా? ఒక్క జోకు వేశాడా?"

"జడవాయువు కదా మరి," అన్నాడు మల్టె.

ఆ ల్యాబ్‌లో అందరికీ మూలకాల పట్టికలో తలా ఓ చోటు రాసిచ్చేశారు. మల్టెది మొదటి నిలువు వరస, సోడియం జాతి. నీటిచుక్క పడితే చాలు, భగ్గుమంటాడు. గాజు సామాన్ల స్టోరు చూసే హెడ్‌విగ్ గారు ప్లాటినం. ముప్ఫై ఏళ్ళుగా చెక్కు చెదరలేదు. గేజా ఫ్లోరిన్, హాలోజన్లన్నిట్లోకీ గయ్యాళిది. కనపడినవాళ్ళందరితోనూ రియాక్షనే. ఒన్నో మాత్రం చిట్టచివరి వరసలో జినాన్. ఎవరితోనూ కలవడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. తూర్పు ఫ్రీస్‌లాండ్ వాడాయె, అక్కడివాళ్ళు పలకరిస్తే టీ పోస్తారు గానీ మాట పొయ్యరు.

గేజా మంట వేరే. మూడేళ్ళ కిందట ఆమె కొత్తగా చేరినప్పుడు, గురువారాలు ఒన్నోతో కలిసి ఒకే ఫ్యూమ్ హుడ్ వాడుకోమన్నారు. పొగలు పైకి లాగే ఆ గాజు బీరువా ముందు ఆమె చెయ్యి చాపి, "హలో, నేను గేజా," అంది. అతను ఆ చెయ్యి వంకా, ముఖం వంకా చూసి, గభాల్న వెళ్ళి పసుపు టేపు తెచ్చాడు. హుడ్ మధ్యన గీతలా అతికించాడు.

"ఇటు నాది, అటు నీది. దాటకు," అన్నాడు.

ఇంత అవమానమా! అప్పటినుంచి గేజా ప్రతి గురువారం తలంటుకుని, మంచి చొక్కా వేసుకుని మరీ వచ్చి అతనితో మాట్లాడకుండా ఉండేది.

"ఏమ్మా, టోపీకి సరుకు దొరకలేదా?" స్టోరులో హెడ్‌విగ్ గారు కళ్ళజోడు పైకి నెట్టుకుని, పగిలిన సామాను పుస్తకం ముందుకి తోశారు. "ఇందులో చూడు. నీ జినాన్ ఏడు పగలగొట్టాడు."

"ఏడా! ఒన్నోనా?"

తేదీ, సామాను, పేరు, కారణం. ఏడు చోట్లా కారణం ఒక్కటే: చెయ్యి జారింది. గేజాకి పండగే అయింది. ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి తేదీలు చూసుకుంటూ పోతే, మొదటిది గురువారం. రెండోదీ గురువారమే. మూడు, నాలుగు, అయిదు, ఆరు కూడా గురువారాలే. గేజా నవ్వు ఆగిపోయింది.

"ఏడోది సోమవారం," అంది, ఊపిరి పీల్చుకుని. "అమ్మయ్య. ఆ రోజు నేను హుడ్ దగ్గరే లేను."

"హుడ్ దగ్గర లేవు. కిటికీ కింద ఉన్నావు. ఎవరో పొడుగాటి కుర్రాడు నిన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు."

"వాడు మా పిన్ని కొడుకండీ! బ్రెమెన్ నుంచి వచ్చాడు!"

"ఆ సంగతి పైన కిటికీలోంచి చూసిన ఒన్నోకి ఎలా తెలుస్తుందమ్మా? రెండు లీటర్ల ఫ్లాస్కు అది. నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది."

గేజా అక్కడే స్టూలు మీద కూలబడింది. గురువారాలే తను ఎందుకు తలంటుకునేదో కూడా అప్పుడే అర్థమైంది. ఆ మొద్దంటే తనకి ఇష్టం. చాలా ఇష్టం. ఆదివారం వాడు రైలెక్కి పోతున్నాడు.

అడిగేస్తే? కాదంటే పరువు పోతుంది. గేజా కెమిస్టు, అందుకని పరీక్ష పెట్టింది. హెడ్‌విగ్ గారి చెత్తడబ్బాలోంచి ఏడు గాజు పెంకులు ఏరి, అంచులు అరగదీసి, ఒక్కోదానికీ తేదీ చీటీ కట్టి టోపీ చుట్టూ వేలాడదీసింది. చీటీల మీద వారం కూడా రాసింది. అతని మనసులో ఏదైనా ఉంటే ముఖంలో తెలుస్తుంది. లేకపోతే నవ్వేసి ఊరుకుంటాడు.

శుక్రవారం ఒన్నో ఫస్టు మార్కులతో గట్టెక్కాడు. గేజా టోపీ ఇచ్చింది. అతను చీటీలు ఒక్కొక్కటే చదివాడు. ఏడోది రెండుసార్లు చదివాడు. ముఖంలో ఒక్క కండరం కదిలితే ఒట్టు.

"బాగుంది," అని నెత్తిన పెట్టుకున్నాడు.

బాగుందట! అంటే మనసులో ఏమీ లేదన్నమాట.

బయట సన్నగా వాన. ఒన్నో బండెక్కుతుంటే, చేతిలో ఒకటి కాదు, రెండు పూలగుత్తులు!

"ఒకటి బాతులమ్మాయికి. రెండోది ఎవరికి మహానుభావా?" అన్నాడు మల్టె.

"ఉన్నారులే ఒకరు. పొద్దున్నే కొన్నాను."

ఉన్నారా! గేజా బండి తాడు లాక్కుంది. ఆ తర్వాత దారిలో ఒక్క నీళ్ళగుంటను కూడా వదల్లేదు.

"మెల్లిగా! బండి విరుగుతుంది!" అరిచాడు మల్టె.

"విరగనీ!"

నిలువునా బురదలో తడిసిన ఒన్నో ఫౌంటెన్ ఎక్కాడు. బొమ్మకి పూలిచ్చి, కంచు చెంప మీద ముద్దు పెట్టాడు. జనం కేరింతలు కొట్టారు. దిగుతూ కిందకి చూస్తే గేజా ఏడుపు ముఖం కనబడింది. కాలు జారింది. చప్టా మీద దభీమని పడ్డాడు, టోపీ మీది పెంకొకటి ఫట్‌మంది.

"దెబ్బ తగిలిందా?" గేజా ఉరికింది.

"లేదు." కూర్చునే రెండో గుత్తి చాపాడు. "ఇది నీకు."

"నాకా? టోపీ చూశాక జాలేసిందా?"

"పొద్దున కొన్నానన్నాను కదా. టోపీ మధ్యాహ్నం చూశాను." గుక్క తిప్పుకున్నాడు. "తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పసుపు టేపు మాత్రం మర్చిపోయావు."

"దాని మాట ఎత్తకు! దాటకు అన్నావు!"

"నువ్వు ఇటు జరిగితే నా చేతులు నా మాట వినవు గేజా. అందులో చేతుల్లో ఉండేది ఆమ్లం, నీ మీద పడితే? ఏం చెయ్యను?"

మూడేళ్ళలో అతను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. గేజాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"జడవాయువు దేంతోనూ కలవదంటారుగా?"

"జినాన్ కలుస్తుంది. ఫ్లోరిన్ ఉండి, కాస్త ఎండ తగిలితే చాలు."

"ఈ ఊళ్ళో ఎండ కోసం కూర్చుంటే ముసలివాళ్ళమైపోతాం!" అని గేజా వంగి, ఆ బురద ముఖం మీదే ముద్దు పెట్టింది. "ఇక ప్రతి శుక్రవారం సాయంత్రం రైలెక్కి రా. గురువారాలకి సెలవు."

"సరే," అన్నాడు ఒన్నో, మళ్ళీ మాటలు అయిపోయినట్టు.

గొడుగు కింద హెడ్‌విగ్ గారు సంచీలోంచి పుస్తకం తీశారు.

"అది ఇక్కడికి కూడా తెచ్చారా?" అన్నాడు మల్టె.

"ఇలాంటి రోజుల్లోనే కదయ్యా పగిలేది. ఎనిమిదోది, శుక్రవారం, ఒన్నో." కలం ఆపి కళ్ళజోడు మీదుగా చూశారు. "కారణం? చెయ్యి జారిందనేనా?"

"వద్దండీ," అన్నాడు ఒన్నో, గేజా చెయ్యి వదలకుండానే. "ఈసారి అక్కడ ఈమె పేరు రాయండి."