సిడ్నీ తొమ్మిది, పెర్త్ పదకొండు

"ల్యాప్‌టాప్ తీసుకో. స్టీలు పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. పెర్త్‌లో మన ఆఫీసుకొచ్చేదాకా తెరవొద్దు. మధ్యాహ్నం పన్నెండుకి అందరం అక్కడే ఉంటాం," అన్నాడు ఫోన్లో చీఫ్ ఈశ్వరప్రసాద్.

"ఎవరిస్తరు సార్?"

"లలితకుమారి. శత్రు ముఠాలో మన మనిషి. కోడ్‌వర్డ్ గోంగూర."

1999 డిసెంబరు. సిడ్నీ ఎయిర్‌పోర్టులో Y2K ప్రోగ్రామర్ వేషంలో నిలబడ్డాడు హైదరాబాదీ ఏజెంట్ నజీముద్దీన్. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్‌తో వచ్చిందామె. "పెర్త్‌లో గోంగూర దొరుకుద్దా అండీ?" అంటూ, అడక్కముందే ల్యాప్‌టాప్ చేతిలో పెట్టేసింది. ఎంత మంచి మనిషో అనుకున్నాడు నజీం. పప్పులో కాలేశాడు పాపం!

తొమ్మిదికి విమానం లేచింది. కిటికీ దగ్గర, తాళమేసిన స్టీలు పెట్టె ఒళ్ళో పెట్టుకుని నజీం, నడుమ లలిత, అటు చివర గురక పెడుతున్న భారీ మనిషి. ఇండియా నుంచి వారం క్రితమే దిగిన లలిత పదకొండు నుంచీ టికెట్టూ వాచీ మార్చి మార్చి చూస్తోంది.

పదకొండూ యాభైకి పైలట్ గొంతు వినిపించింది. "సిడ్నీ నుంచి పెర్త్ దాదాపు మూడు వేల మూడు వందల కిలోమీటర్లు. ఎదురుగాలి ఉంది. ఇంకా రెండు గంటల పది నిమిషాలు."

లలిత మొహం పాలిపోయింది. "పదకొండుకి దిగాలిగా! టికెట్‌లో ఉందిగా!"

"అది పెర్త్ టైమ్ మేడమ్. సిడ్నీకన్న మూడు గంటలు వెనక. మొత్తం అయిదు గంటల జర్నీ. మన దేశం లెక్క అంతటా ఒకటే గడియారం కాదిక్కడ."

"పెట్టె తెరవండి. నా ఫైలొకటి కావాలి."

"చీఫ్ ఆర్డర్ లేదు."

చెయ్యి పట్టుకుంది. నవ్వింది. బతిమాలింది. లేవబోతే పక్కాయన కదల్లేదు. లేచినా ఎక్కడికి పోతుంది, ముప్పై అయిదు వేల అడుగుల పైన! వెనక సీట్లో పసిబిడ్డ ఏడుస్తోంది.

పదకొండూ యాభై ఏడుకి లలిత కూడా ఏడ్చేసింది. "అది బాంబండీ! పన్నెండుకి పేలుద్ది. మీ ఆఫీసులో పేలాలని పెట్టా. ఈపాటికి విమానం దిగి నా దారిన నేను పోతాననుకున్నా!"

"యా అల్లా!" నజీం పెట్టె మీదికి వంగాడు. తాళం నంబరు ఒకసారి తప్పింది. రెండోసారి తెరుచుకుంది.

"ఆఫ్ చేస్తే?"

"అప్పుడే పేలుద్ది. కంప్యూటర్ గడియారం చూసుకుని పేలే బాంబది. నాకు పాస్‌వర్డొక్కటే తెలుసు."

"కొట్టు, జల్దీ!"

ఆమె కొట్టింది. తెర మూలన 11:59. నజీం ఆ అంకెల మీద నొక్కి గడియారం తెరిచాడు, ఊళ్ళ పట్టీలో సిడ్నీ తీసేసి పెర్త్ పెట్టాడు. సెకన్ల ముల్లు పన్నెండు మీదికి వస్తుండగా ఎంటర్ కొట్టాడు.

8:59. వెంటనే 9:00.

ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇంకా వెనక్కి తిప్పొచ్చు. కానీ దాన్ని మళ్ళీ ముట్టుకునే ధైర్యం ఇద్దరికీ లేదు. పైలట్‌కి కబురందింది. పెర్త్ పదకొండుకి విమానం దిగితే, పదకొండున్నరకల్లా బాంబు స్క్వాడ్ పని ముగించింది.

బేడీలు వేస్తుంటే లలిత అడిగింది, "ఎన్నేళ్ళు శిక్ష పడుద్దంటారు?"

"ఎన్నేళ్ళైనా పడనీయండి మేడమ్," అన్నాడు నజీం. "లెక్క మాత్రం మీరు వెయ్యకండి."