తొమ్మిది బావుల పార్టీ

“పార్టీ స్పెల్లింగ్ తప్పు కొట్టినావప్పా. ఒక ఆర్ తక్కువుండాది.”

రత్నమణి నాతో అన్న మొదటి మాట ఇదే. నాకు ఒళ్లు మండింది. ప్రొద్దుటూరులో సత్తార్ భాయ్ ఇంటర్నెట్ సెంటర్లో రెండేళ్లుగా టైపు కొడుతున్నవాణ్ణి నేను. పైగా బి.ఎస్సీ. ఇంటర్ సెకండియర్ పిల్ల నా భుజం వెనక నిలబడి తప్పులు ఏరడమా?

తప్పు నిజంగానే ఉంది. అందుకే ఇంకా మండింది.

“కరెంటు డిమ్ముగా ఉండాది. కీ సరిగ్గా పడలే,” అన్నాను.

“దానికి ఒక్క ఆర్ మీదనేనా కోపం?”

కౌంటర్లో అబ్దుల్ సత్తార్ భాయ్ పేపర్ అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. పేపర్ వణుకుతుంటే నాకు తెలియదా? ఒక్కటే ఊరట. ఆ పిల్ల నన్ను ‘అన్నా’ అనలేదు, మా దిక్కు ఎవరినైనా పిలిచేట్టు ‘అప్పా’ అంది. ‘అన్నా’ అని ఉంటే ఈ కథ ఆ ఆర్ దగ్గరే ఆగిపోయేది.

అది రెండువేల ఒకటి, డిసెంబరు మొదటివారం. బయట తుపాను వాన. ఆమె చున్నీ అంచు నుంచి నీళ్లు కారి నా కీబోర్డు పక్కనే పడుతున్నాయి. వేరే ఎవరైనా అయితే జరగమని కసిరేవాణ్ణి. ఎందుకో కీబోర్డునే పక్కకు జరుపుకున్నాను.

రత్నమణి అమెరికా కాలేజీలకు అప్లికేషన్లు పెడుతోంది. సైన్సు చదవాలట. వాళ్ల నాన్న దేవపాలు కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. అక్కడి నుంచి రోజూ బస్సులో ప్రొద్దుటూరు కాలేజీకి వస్తుంది. హైదరాబాదు పోయి ఆ కాలేజీలు అడిగే పరీక్ష కూడా రాసొచ్చింది. పూర్తి స్కాలర్‌షిప్ వస్తేనే చదువు, లేకపోతే ఇక్కడే ఏదో ఒకటి. అలాంటి కాలేజీల్లో మన దేశం పిల్లలు వేలమంది అడిగితే చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత మందికి ఇస్తారట.

“మార్కులు చూసి ఇయ్యరా?” అన్నాను.

“మార్కులు అందరికీ ఉంటాయంట. నువ్వెవరో రాయి, ఏం చేసినావో రాయి అంటాండారు.”

ఆమె ఎవరో నాకు టైపు కొడుతుంటే తెలిసింది. ‘ఇన్ మై విలేజ్ ఎవ్రీ హౌస్ హ్యాజ్ ఎ పార్టీ. మై ఫాదర్ వాజ్ ఇన్ పార్టీ ఫర్ ఇలెవెన్ ఇయర్స్. హి లెఫ్ట్ ద పార్టీ ఆఫ్టర్ లూజింగ్ టూ ఫింగర్స్.’

మాకు ఇందులో వింతేముంది? జమ్మలమడుగు పక్క పల్లెల్లో మనిషిని చూడగానే పేరు కంటే ముందు పార్టీ అడుగుతారు. ఒక లీడరు మనుషులు ఒక పార్టీ, ఇంకో లీడరు మనుషులు ఇంకో పార్టీ. బాంబులు, పరారీలు, కోర్టు వాయిదాలు అన్నీ దాంట్లోనే వస్తాయి. సాఫీగా కొట్టుకుంటూ పోయాను.

తర్వాతి పేరాలో వాళ్లు వదిలొచ్చిన ఊరి పేరు వచ్చింది. కొండ్రాయిపల్లె. నా వేళ్లు ఆగిపోయాయి.

అది మా ఊరు.

దాని కింద ఆమె చేత్తో గీసిన మ్యాపు. ఊరి బావుల నీళ్లు ఎంత గట్టివో, పుస్తకాల్లో చెప్పే కఠినత్వం ఎంతో, కొలిచింది. నీళ్లలో సబ్బు ద్రావణం చుక్కచుక్కగా వేసి ఊపడం, నురగ నిలిచేదాకా చుక్కలు లెక్కపెట్టడం. పై వీధిలో అవ్వ గంగమ్మ ఇల్లుంది కాబట్టి సెలవులకు పోయినప్పుడు ఆ పక్క పదకొండు బావులు కొలిచింది. కింది వీధి మాత్రం మ్యాపులో ఖాళీ. ‘అదర్ పార్టీ. కుడ్ నాట్ గో,’ అని రాసి పెట్టింది.

ఆ అదర్ పార్టీ కింది వీధిలోనే మా ఇల్లు. మా నాన్న యోహాను ఆ పార్టీలో పదేళ్లు తిరిగి, ఒక కాలు కుంటి చేసుకున్నాడు. నేను చిన్నప్పటి నుంచి హాస్టళ్లలో పెరిగాను కాబట్టి ఈ పిల్ల నన్ను ఎరగదు.

“నీది ఏ ఊరప్పా?” అంది, అప్పుడే అడగాలని ఎవరో చెప్పినట్టు.

“పులివెందుల పక్క,” అన్నాను. అబద్ధం నోట్లోంచి అంత సులభంగా వస్తుందని నాకు అంతవరకు తెలీదు.

నెలంతా వచ్చింది. ఫారాలు నింపాం. ఒకచోట చదువు కాక ఇంకేం చేస్తావని అడిగారు.

“బోరింగు కాడినుంచి నీళ్లు మోస్తా. రాయొచ్చా?”

“వెయిట్ లిఫ్టింగ్ అని రాస్తాం,” అన్నాను.

“అబద్ధం రాయకూడదు.”

“బరువే కదా ఎత్తేది?”

నవ్వింది. నవ్వితే ఎడమ బుగ్గ మీద చిన్న సొట్ట పడుతుంది. చూశావా అని నన్ను నేను తిట్టుకున్నాను. ఫారంలో ‘వాటర్ ఫర్ హౌస్, డైలీ, టూ అవర్స్’ అని నిజమే కొట్టించింది. డిసెంబరు ఆఖర్లో అన్నీ పంపేశాం. ఆమె ఇక రాదు కదా అని ఆ సాయంత్రం నాకు టీ కూడా రుచించలేదు.

జనవరి పదో తేదీన ఒక కాలేజీ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఇద్దరం ఒకే స్టూల్ మీద ఇరుక్కుని చదివాం. దాని సారాంశం ఇది:

‘మీ వ్యాసం మాకు నచ్చింది. మీ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ పార్టీలు జరుగుతాయనీ, మీ తండ్రి పదకొండేళ్లు పార్టీల్లో గడిపి, రెండు వేళ్లు పోగొట్టుకున్నాక మానేశారనీ చదివి బాధపడ్డాం. తాగుడు మానడానికి ఆయన చికిత్స ఏమైనా తీసుకుంటున్నారా? ఇంకో ప్రశ్న. పార్టీ జరుగుతుంటే ఒక వీధి బావులకు వెళ్లలేకపోవడం ఏమిటి? పార్టీ అయిపోయాక వెళ్లి ఉండవచ్చు కదా? పది రోజుల్లో వివరంగా రాయండి.’

రత్నమణి రెండుసార్లు చదివింది. నేను మూడుసార్లు చదివాను. తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

“మా నాయన జన్మలో కల్లు ముట్టలేదప్పా. చర్చిలో పెద్ద ఆయన,” అంది కళ్లు తుడుచుకుంటూ.

“పార్టీ అంటే వాళ్లకు కేకు కోసేదనుకుంటా.”

“ఇప్పుడు కింది వీధి గురించి ఏం రాసేది? పోలేను కదా. ఆడ బావులెన్నో గూడా తెలీదు.”

“తొమ్మిది,” అన్నాను నవ్వుతూనే. “బడి కాడిది మంచినీళ్లు, ఆరోది నోట్లో పెట్టుకోలేం.”

నవ్వు ఆమె ముఖంలో ముందు ఆగింది. నాకు ఇంకో క్షణం పట్టింది.

“నీకెట్ల తెలుసు?”

చెప్పక తప్పలేదు. చెప్పాను.

“పులివెందుల పక్క అన్న్యావే.”

“భయపడినా. చెప్పింటే మళ్లీ వచ్చేదానివా?”

“మా నాయన వేళ్లు తీసింది మీ వీధివాళ్లు. అది నేను చెప్తాంటే, ఏమీ తెలీనట్టు టైపు కొట్టినావు.” గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఒక రోజు రాలేదు. నాలుగు రోజులు రాలేదు. గడువుకు ఆరు రోజులుంది. నా బుద్ధి గడ్డి తినింది సరే, ఆ పిల్ల చదువు ఏం పాపం చేసింది?

“రోజంతా తలుపు వైపు చూస్తాండావు,” అన్నాడు సత్తార్ భాయ్. “ఈడ నువ్వుండీ ఒకటే, లేకా ఒకటే. యాడికి పోవాల్నో పోయిరా.”

కొండ్రాయిపల్లెకు పోయాను. మా నాన్నకు అంతా చెప్పాను, ఆ పిల్ల ఎవరి కూతురో కూడా. ఆయన లేచి గూట్లోంచి తాడు, చిన్న బక్కెట తీశాడు.

“ఖాళీ సీసాలు యాడుండాయో చూడు,” అన్నాడు.

తొమ్మిది కూల్‌డ్రింక్ సీసాలు కడిగి, నింపి, మూతలు బిగించి, బావి పేరూ నంబరూ రాసిన చీటీలు అంటించి గోనెసంచిలో సర్దాం. తిరిగి వస్తుంటే జమ్మలమడుగు దగ్గర పోలీసులు బస్సు ఆపారు. ఎలక్షన్లు లేకపోయినా మా దిక్కు బస్సులు ఆపుతూనే ఉంటారు. సంచిలో సీసాలు గలగలమనగానే నా చుట్టూ సీట్లు ఖాళీ అయ్యాయి.

“ఏందప్పా ఇది?” అన్నాడు కానిస్టేబుల్, రెండడుగులు వెనక నిలబడి.

“నీళ్లు సార్.”

“సంచి నిండా నీళ్లా? ఎందుకు?”

“అమెరికాకు సార్.”

అది చెప్పాల్సిన జవాబు కాదు. సంచిలో చెయ్యి పెట్టి ఒక సీసా తీసి నాకే ఇచ్చాడు. “తాగు.”

ఆరో నంబరు. ప్రపంచంలో ఇన్ని సీసాలుండగా ఆయన చేతికి ఆరోదే రావాలా? ఒక గుటక మింగాను. నా ముఖం చూసి నీళ్లేనని ఆయనకు నమ్మకం కుదిరింది.

కలమల్లలో వాళ్ల ఇంటి తలుపు దేవపాలు తీశాడు. ఎడమచేతికి మూడే వేళ్లు.

“ఎవరప్పా?”

ఈసారి అబద్ధం చెప్పదలచుకోలేదు. “తిమోతి. కొండ్రాయిపల్లె. కింది వీధి యోహాను కొడుకును.”

ఆయన తలుపు మీద చెయ్యి తీయలేదు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. రత్నమణి వచ్చి తండ్రి వెనక నిలబడింది.

“నీళ్లు తెచ్చినా,” అన్నాను ఆమెతో. “తొమ్మిది బావులవీ. ఆరోది ఒక గుటక తక్కువుండాది, అది పోలీసుల తప్పు.”

దేవపాలు వంగి ఒక సీసా తీశాడు. మీద అంటించిన చీటీ చదివాడు. “బడి కాడి బావి,” అన్నాడు మెల్లగా. “దీంట్లోనే మీ నాయనా నేనూ ఈత నేర్చుకున్న్యాం. పార్టీలు లేవు అప్పుడు.” సీసాను వెలుతురుకు పట్టి చూసి, “ఇంకా కుంటుతాండాడా?” అన్నాడు.

“ఎగుడుదిగుడు దోవలో.”

“అది నా చేత్తోనే అయింది.”

“ఆయనకు తెలుసు,” అన్నాను. “ఈ చీటీలు రాసింది ఆయనే. నీళ్లు చేదింది గూడా ఆయనే.”

దేవపాలు ఆ చీటీ మీద రాతను బొటనవేలితో తడిమాడు.

“మీ లీడరూ మా లీడరూ పోయిన నెల ఒకే పార్టీలో చేరినారు, ఒకే జీపులో తిరుగుతాండారు,” అన్నాను. “తెలుసా మీకు?”

“మనకెవరు చెప్తారప్పా?” అని పక్కకు జరిగాడు. “లోపలికి రా. ఎండలో నిలబడుకున్న్యావు.”

రత్నమణి అప్పుడే గాజుగ్లాసులు తెచ్చింది. నాకు టీ ఏమో అనుకున్నాను. సబ్బు ద్రావణానికి! నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా సాయంత్రం దాకా చుక్కలు లెక్కపెట్టింది. ఆరు బావుల లెక్క వాళ్ల వీధి లెక్కతో ఇంచుమించు సమానం. మిగతా మూడూ బాగా గట్టి నీళ్లు, అందులో ఆరోది మరీ ఘోరం. మ్యాపులో ఖాళీ నిండింది.

అప్పుడు తలెత్తింది. “ఒక పక్కే కొలిస్తే అది సైన్సు కాదు. నేనే వద్దామనుకుంటాంటి, తొమ్మిది బావులు చెప్పించుకునేకి.” గ్లాసు కడుగుతూ, “కోపం తగ్గినాక,” అంది.

“తగ్గిందా?”

“ఆరో నంబరు తాగినావంట కదా. చాల్లే.”

మర్నాడే జవాబు రాసింది. ‘అయ్యా, మా ఊరి పార్టీలో కేకు ఉండదు. అది అయిపోదు కూడా, అందుకే ఇన్నాళ్లూ ఆ వీధికి పోలేకపోయాను. ఈ వారం ఆ వీధి నీళ్లే మా ఇంటికి వచ్చాయి,’ అని మొదలుపెట్టి, నవ్వించి, మొత్తం చెప్పింది. ప్రతి పార్టీలోనూ ఆర్ ఉందో లేదో రెండుసార్లు చూసి మరీ పంపాను.

మిగతా కాలేజీలన్నీ వద్దన్నాయి. మార్చి నెలాఖర్లో ఈ ఒక్కటి రమ్మంది, పూర్తి స్కాలర్‌షిప్‌తో. అది చదివి ఆమె ఏడ్చింది, సత్తార్ భాయ్ సెంటర్లో అందరికీ టీ చెప్పాడు. నాకు సంతోషమూ దిగులూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందో తెలియలేదు.

ఆగస్టులో బస్టాండులో మా ఇద్దరి నాన్నలూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు, మధ్యలో ఆమె పెట్టె. నేను చెప్పాలనుకున్నది చెప్పలేదు. పోయే పిల్లకు బరువు ఎందుకు పెట్టాలి అనుకున్నాను. బస్సు కదిలాక దేవపాలు నా పక్కకొచ్చాడు.

“నాలుగేండ్లప్పా. అప్పటికీ దాని మనసు అదే, నీ మనసు ఇదే అయితే, మీ నాయన్ని మా ఇంటికి పంపు.”

“దాని మనసు ఏందో నాకు తెలీదు మామా.”

“నాకు తెలుసులే,” అన్నాడు ఆయన.

పదిహేను రోజులకు ఆమె ఈమెయిల్ వచ్చింది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది.

‘ఈడ మొదటి శనివారం పక్క రూము పిల్ల వచ్చి, పార్టీకి వస్తావా అనింది. నాకు గుండె ఝల్లుమనింది, తర్వాత నవ్వొచ్చింది. నాకు పార్టీ ఉండాది, అది ప్రొద్దుటూరులో ఉండాది అని చెప్పినా. ఎంతమంది ఉంటారు అనింది. ఒక్కడే, ఆర్ తప్పు కొడతాడు, నాకోసం ఆరో నంబరు బావి నీళ్లు తాగినాడు అని చెప్పినా. తిమోతీ, నేను ఏ పార్టీనో చెప్పినా. నీది ఏ పార్టీ?’

జవాబు కొట్టడానికి కూర్చున్నాను. ‘నీ పార్టీనే’ అని కొడుతుంటే ఆర్ మూడుసార్లు తప్పు పడింది. ఆ రోజు కరెంటు బ్రహ్మాండంగా ఉంది.